కంటికి నచ్చడం వేరు, బరువుకు ఆగడం వేరు

ఫిల్మ్ నగరులో కోట కట్టడానికి రాయి అక్కరలేదు. కర్రచట్రం మీద ప్లైవుడ్డు బిగించి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసి, రంగు దిద్దితే రాజప్రాసాదం లేస్తుంది. దాని స్తంభాలు పైకప్పును మోయవు. ఆ మాటకు వస్తే చాలా సందర్భాలలో పైన కప్పే ఉండదు. అయినా ఆ కట్టడాన్ని అబద్ధమని ఎవరూ నిందించరు. కళాదర్శకుడు మనకు చేసిన బాస ఒక్కటే: కెమెరా ముందు అది కోటవలె కనిపించాలి. ఆ బాస నెరవేరితే ఆయన మనకు బాకీ లేనట్లే.

జూబ్లీహిల్స్ రాతిగుట్టల నడుమ వెలసిన ఈ సినీలోకం ఇప్పుడు ఆ ప్లైవుడ్డును సైతం తగ్గించుకుంటున్నది. నీరు, నిప్పు, పొగ, గాలికి రెపరెపలాడే వస్త్రం మొదలైనవాటిని కంప్యూటరు చేత లెక్క వేయించి తెర మీదికి తెస్తున్నది. 1957లో ‘మాయాబజార్’ తీసినవారు మద్రాసులో ద్వారకానగరాన్ని చిన్న నమూనాగా కట్టి, మార్కస్ బార్ట్లీ కెమెరా నేర్పుతో దానిని మహానగరమని మన చేత నమ్మించారు. 2012 నాటి ‘ఈగ’లో కథానాయకుడైన ఈగ కంప్యూటరులోనే పుట్టి కంప్యూటరులోనే ఎగిరింది; ఆ పనితనానికి హైదరాబాదులోని మకుట సంస్థకు జాతీయ పురస్కారం లభించింది. 2015లో వచ్చిన ‘బాహుబలి’లో మనం నోరు తెరచి చూసిన జలపాతంలో చాలా భాగం లెక్కల్లోనుంచి దూకిన నీరే. చూసినవాడి కన్ను ఔనన్నదా, అనలేదా అన్నదే ఈ విద్యకు గీటురాయి. అంతకు మించి దానిని ప్రశ్నించే హక్కు ఎవరికీ లేదు.

అయితే ఇదే నగరంలో, దాదాపు ఇవే గణితసూత్రాలతో, మరొక వర్గంవారు మరొక పని చేస్తున్నారు. వారు కూడా కంప్యూటరు తెర మీద వేడిని, ఒత్తిడిని, ప్రవాహాన్ని కల్పించి చూస్తున్నారు. కాని వారు కల్పించినది తెర మీదనే ఆగిపోదు. లోహమై బయటికి వచ్చి నిప్పును భరించవలసి ఉన్నది. హైదరాబాదులో స్థాపితమైన స్కైరూట్ సంస్థవారి ‘విక్రమ్-ఎస్’ రాకెట్టు 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి లేచింది. మన దేశంలో ప్రైవేటు సంస్థ నిర్మించి ప్రయోగించిన మొదటి రాకెట్టు అది. త్రీడీ ప్రింటింగ్ పద్ధతిలో తయారైన భాగాలు అందులో ఉన్నాయి. ఈ రెండు విద్యల మధ్య పోలిక ఎంత ఉన్నదో, భేదం కూడా అంతే ఉన్నది. ఆ భేదాన్ని మన బడిపిల్లలకు ఎవరు చెబుతున్నారన్నదే నేడు నేను ముందుకు తేదలచిన ప్రశ్న.

ముందు ఈ తయారీ పద్ధతి ఏమిటో తెలుసుకుందాం. వస్తువును చేయడానికి మన పూర్వులకు తెలిసిన మార్గాలలో శిల్పి మార్గం ఒకటి: బండను తెచ్చి, అక్కరలేనిది తొలగించి, మిగిలినదాన్ని విగ్రహమనడం. కందిరీగ మార్గం మరొకటి: పిడచ మీద పిడచ అంటిస్తూ, ఉండవలసినచోట మాత్రమే మట్టి ఉంచి, గూడు పూర్తిచేయడం. ఇన్నాళ్లూ కర్మాగారాలలో లోహాన్ని తొలిచే పనికి శిల్పి మార్గమే రాచబాట. త్రీడీ ప్రింటింగ్ అని మనం పిలుచుకొంటున్నది కందిరీగ మార్గం. లోహపు పొడిని పలుచగా పరచి, లేజరు కిరణంతో కావలసినచోట మాత్రం కరిగించి, అది గడ్డకట్టగానే దానిమీద మరొక పొర పరుస్తారు. పొర మందం మిల్లీమీటరులో నూరోవంతులతో లెక్కించవలసినంత సన్నం. అట్లా వేల పొరలు పేరిస్తే ఒక వస్తువు.

ఇందులో ఆదా ఎంతో ఒక్క ఉదాహరణ చాలు. శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్ఎల్వీ రాకెట్టు నాలుగో అంచెలో ఒక చిన్న ఇంజను ఉన్నది. దానిని ఇస్రోవారు ఈ కొత్త పద్ధతికి అనువుగా తిరిగి రూపొందించి, 2024 మే 9న 665 సెకండ్లపాటు మండించి పరీక్షించారు. మునుపు 14 భాగాలుగా ఉన్నది ఇప్పుడు ఒకటే భాగమైంది. 19 అతుకులు మాయమైనాయి. మునుపు 565 కిలోల లోహపు దిమ్మెలు, రేకులు అవసరమయ్యే పనికి 13.7 కిలోల పొడి సరిపోయింది. శిల్పి మార్గంలో ఎంత లోహం రజనుగా రాలిపోయేదో విద్యార్థులు తీసివేత చేసి చూడవచ్చు.

ఇంత స్వేచ్ఛ చేతికి వచ్చేసరికి కొత్త చిక్కు కూడా వచ్చింది. ఏ రూపమైనా చేయగలిగినప్పుడు, ఏ రూపం చేయాలి? ఇక్కడనే ఈ వ్యాసానికి విషయమైన కంప్యూటరు ప్రోగ్రాములు రంగంలోకి దిగుతాయి. అవి చేసే పనులు ముఖ్యంగా రెండు.

మొదటిది రూపాన్ని వెదకడం. వస్తువు ఉండదగిన చోటు ఇంత, దానిని బిగించేది ఇక్కడ, దానిమీద పడే బరువు ఇంత, వాడదగిన లోహం ఇంతకు మించరాదు అని మనం చెబుతాం. ప్రోగ్రాము ఆ చోటునంతా చిన్నచిన్న గడులుగా విభజించి, బరువు ఏ దారిన నేలకు దిగుతున్నదో లెక్క కడుతుంది. బరువు మోయని గడిని పలుచన చేస్తుంది. మోసే గడిని బలపరుస్తుంది. మళ్లీ లెక్క, మళ్లీ కోత. చివరకు చెట్టుకొమ్మవలెనో, ఎముకవలెనో కనిపించే రూపమొకటి మిగులుతుంది. కనీస పదార్థంతో బరువు మోసే చట్రం ఎట్లా ఉండాలని ఆస్ట్రేలియా ఇంజనీరు మిషెల్ 1904లోనే కాగితం మీద ఆలోచించాడు. 1988లో బెండ్సో, కికుచి అనే ఇద్దరు పండితులు దానిని కంప్యూటరుకు లొంగే పద్ధతిగా మలిచారు. ఆ రూపాలను నిజంగా తయారుచేయగల యంత్రాలు అందుబాటులోకి వచ్చేసరికి ఇంకా చాలా కాలం పట్టింది.

రెండవది తయారీని ముందుగా నటింపజేయడం. కరిగిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. కింద గడ్డకట్టిన పొర దానిని ముడుచుకోనీయదు. ఈ పెనుగులాట వస్తువు లోపల దాగి, ఎండలో వేసిన అప్పడం అంచులు లేచినట్లు, వస్తువును వంచుతుంది, ఒక్కొక్కప్పుడు చీలుస్తుంది. ఏ పొర దగ్గర ఎంత వంగుతుందో ప్రోగ్రాము ముందే చెబితే, ఇంజనీరు అసలు రూపాన్నే ఆ మేరకు ఎదురుదిశలో వంచి ఇస్తాడు. అప్పుడు యంత్రం చేసే తప్పు, మనిషి ముందుగా చేసిన తప్పు ఒకదాన్నొకటి కొట్టివేసుకొని వస్తువు తిన్నగా వస్తుంది. ఎంత చక్కని యుక్తి!

ఈ రెండు పనులకూ ప్రధానమైన ఆధారం ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. పేరు విని విద్యార్థులు భయపడనక్కరలేదు. మన ఆడపడుచులు వాకిట్లో ముగ్గుకు చుక్కలు పెట్టినట్లు, వస్తువు నిండా చుక్కలు పెట్టి, వాటిని కలిపి గడులు చేసి, ఒక్కొక్క గడికి సులువైన లెక్క వేసి, అన్నిటినీ కూర్చడమే ఆ పద్ధతి. దాని బీజం 1943లో కూరాంట్ వ్రాసిన వ్యాసంలో ఉన్నది. ఆ పేరు 1960లో క్లఫ్ పెట్టినది. ఈ శాస్త్రంలో మనవారి చేయి చిన్నది కాదు. ఓరుగల్లు ప్రాంతంలో పుట్టి, ఉస్మానియాలో ఇంజనీరింగు చదివి, అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన జె.ఎన్. రెడ్డి 1984లో ప్రచురించిన పాఠ్యగ్రంథం ఎన్నో దేశాల విద్యార్థులకు ఈ పద్ధతిలో తొలి వాచకమైంది. గుడివాడలో పుట్టిన సత్యనాథం అట్లూరి, గడులు లేకుండానే చుక్కలతో లెక్క సాధించే మార్గాన్ని 1998లో ప్రతిపాదించి, 2013లో పద్మభూషణ్ అందుకొన్నాడు. సినీతారల జన్మదినాలు కంఠతా వచ్చిన మన పిల్లలలో ఈ ఇద్దరి పేర్లు విన్నవారెందరు? ఇది పిల్లల తప్పు కాదు. వారి చేతికి మనం ఇచ్చిన పుస్తకాల లోటు.

ఇంతవరకు స్తుతి. ఇక అసలు సంగతి.

ఈ ప్రోగ్రాములు తమ ఫలితాన్ని రంగుల బొమ్మగా చూపుతాయి. ఒత్తిడి తక్కువైనచోట నీలం, ఎక్కువైనచోట ఎరుపు. బొమ్మ కదులుతుంది, వంగుతుంది, ఊగుతుంది. చూడ ముచ్చటగా ఉంటుంది. సినిమా బొమ్మ మన కంటిని లొంగదీసినట్లే ఇదీ లొంగదీస్తుంది. ఎరుపు కనిపించలేదు గనుక భయం లేదని మనసు తీర్మానించుకుంటుంది. కాని బొమ్మలో ఎరుపు లేకపోవడానికి కారణాలు మూడు ఉండవచ్చు: వస్తువు నిజంగా గట్టిది కావచ్చు, చుక్కలు మరీ దూరదూరంగా పెట్టి ఉండవచ్చు, పడబోయే బరువును మనం చెప్పడం మరచి ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏది కారణమో బొమ్మ చెప్పదు.

నార్వే దేశంలో స్లైప్నర్ అనే చమురు వేదికకు కాంక్రీటు పీఠం కట్టారు. 1991 ఆగస్టు 23న దానిని సముద్రపు పాయలో కొంత ముంచి పరీక్షిస్తుండగా లోపలి గోడ ఒకటి పగిలి, మొత్తం పీఠం మునిగిపోయింది. ప్రాణనష్టం లేదు, నష్టం మాత్రం సుమారు 70 కోట్ల డాలర్లని అంచనా. విచారణలో తేలినదేమి? గోడలు కలిసే మూలలలో గడులు సరిగా వేయనందున, కోత ఒత్తిడిని కంప్యూటరు లెక్క 47 శాతం తక్కువగా చూపింది. ఆ తరువాత జాగ్రత్తగా లెక్క వేస్తే 62 మీటర్ల లోతున గోడ పగలాలని వచ్చింది. వాస్తవంగా పగిలినది 65 మీటర్ల దగ్గర. శాస్త్రంలో దోషం లేదని దీనివల్లనే తెలుస్తున్నది. చుక్కలు పెట్టిన చేతిలోనే దోషం. ముగ్గు వంపు తిరిగేచోట చుక్కలు దగ్గరగా పడకపోతే ముగ్గు చెడుతుందని వాకిట్లో అమ్మాయికి తెలుసు. అది తెలియని చోట అంత పీఠం నీళ్లపాలైంది.

బరువు చెప్పడం మరచితే ఏమవుతుందో ఊహించడానికి నార్వే దాకా పోనక్కరలేదు. తరగతి గదిలోని కుర్చీని తీసుకొందాం. కూర్చున్నవారి బరువు నిలువుగా కిందికి పడుతుందని మాత్రమే ప్రోగ్రాముకు చెప్పామనుకోండి. అది బహు పొదుపుగా ఒక కుర్చీని చెక్కి ఇస్తుంది. పక్కకు బలమిచ్చే పట్టీలను అనవసరమని కోసివేస్తుంది. మరునాడు ఒక పిల్లవాడు కుర్చీని వెనుక రెండు కాళ్ల మీద నిలిపి ఊగుతాడు. పిల్లలు ఊగుతారని యంత్రానికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మన వడ్రంగి చేసిన కుర్చీలో ఎక్కువగా కనిపించే కలప అంతా వృథా కాదు. అందులో కొంత తరతరాల ఊగులాటలకు జ్ఞాపకం. యంత్రం అడిగిన ప్రశ్నకే బదులు చెబుతుంది, అదీ అక్షరం తప్పకుండా. కాబట్టి అది ఎంత శక్తిమంతమైతే, ప్రశ్న వేసేవాడు అంత వివేకి కావలసి ఉన్నది.

జూబ్లీహిల్స్ గుట్టల మీద బండ మీద బండ నిలిచి ఉండడం చూసి మనం ముక్కున వేలు వేసుకుంటాం. ఆ ఎండకు, ఆ వానకు నిలువలేనివి ఎన్నడో దొర్లిపోయినాయి. నిలిచినవే మనకు కనిపిస్తున్నాయి. ప్రకృతి తన పరీక్షను ఎవరికీ మాఫీ చేయలేదు. మనమూ చేయరాదు.

కొందరంటారు: “కంప్యూటరు వచ్చినదే పరీక్షల ఖర్చు తప్పించడానికి గదా! మళ్లీ పరీక్షలెందుకు?” ఈ మాటలో సగమే నిజం. నూరు నమూనాలు విరిచి చూడవలసినచోట తొంభై తొమ్మిదింటిని తెర మీదనే విరవవచ్చు. అది గొప్ప మేలు. కాని నూరవదాన్ని చేతితోనే విరవాలి. 2013లో అమెరికాలోని జీఈ సంస్థ విమానపు ఇంజనును పట్టి ఉంచే ఒక లోహపు కొక్కేన్ని తేలిక చేయమని ప్రపంచానికి పోటీ పెట్టింది. దాదాపు 700 రూపాలు వచ్చాయి. 2,033 గ్రాముల వస్తువును 327 గ్రాములకు దించిన ఇండోనేషియా యువ ఇంజనీరు ఒకడు మొదటి బహుమతి గెలిచాడు. అయితే బహుమతి ఇచ్చినది బొమ్మలను చూసి కాదు. ఎంపికైన పది రూపాలను లోహంలో ముద్రించి, యంత్రాలకు తగిలించి గుంజి చూసిన తరువాతనే. ఆ పదిలో ఒకటి విరిగింది కూడా.

మన ఇంటి ఉదాహరణ ఒకటి ఉన్నది. సిద్దిపేట దగ్గరి బూరుగుపల్లిలో అప్సుజా ఇన్ఫ్రాటెక్, సింప్లిఫోర్జ్ సంస్థలు 2023లో కాంక్రీటును పొరలుపొరలుగా పేర్చి ఒక దేవాలయం నిర్మించాయి. గణపతికి మోదకాకారంలో ఒక గర్భగుడి, శివునికి చతురస్రంగా ఒకటి, పార్వతికి తామరపువ్వువలె మరొకటి. అక్కడికే ఐ.ఐ.టి. హైదరాబాదువారు సింప్లిఫోర్జ్‌తో కలిసి ఒక కాలినడక వంతెనను కూడా ముద్రించారు. బలం నడిచే దారిలోనే పదార్థం నడవాలన్నది దాని రూపకల్పనలోని సూత్రం. అయినా వారు సూత్రాన్ని నమ్మి ఊరుకొనలేదు. బరువు వేసి చూసిన తరువాతనే మనుషులను నడవనిచ్చారు. భక్తులు గోపురం అందం చూసి చేతులు జోడిస్తారు. ఉపాధ్యాయులు పిల్లలను తీసుకుపోయి ఈ వంతెన కథ చెప్పాలని నా కోరిక.

ఇక బడుల సంగతి. నీతి ఆయోగ్ 2016లో ఆరంభించిన అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకం కింద ఎంపికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. ఆరో తరగతి నుంచి పన్నెండు వరకు విద్యార్థులకు త్రీడీ ప్రింటరు అందుబాటులోకి రావడం సామాన్యమైన భాగ్యం కాదు. కాని ఆ యంత్రంతో ఏమి చేయిస్తున్నామన్నదే విచార్యం. ఎవరో గీసిన బొమ్మను దింపుకొని, మీట నొక్కి, చిన్న ఏనుగునో, తాళపుచెవి బిళ్లనో తీసి, తనిఖీకి వచ్చినవారికి చూపించి చప్పట్లు కొట్టించుకోవడంతో సరిపెడితే, ప్రయోగశాలను మనం ఫిల్మ్ నగరు సెట్టుగా మార్చినట్లే. ఫిల్మ్ నగరుకు అది గౌరవం, పాఠశాలకు కాదు.

అందుచేత ఉపాధ్యాయ మిత్రులకు నా సూచన ఒక్కటే: ఏ వస్తువును ముద్రించినా ముందు జోస్యం వ్రాయించండి, తరువాత బరువు వేయించండి. ఒకే కొక్కేన్ని రెండుసార్లు ముద్రించండి, ఒకసారి పడుకోబెట్టి, మరొకసారి నిలువుగా. ఏది ముందు విరుగుతుందో పిల్లల చేత కాగితం మీద వ్రాయించి, ఆ తరువాత ఇసుక సంచులు తగిలించండి. నిలువుగా పేర్చినది పొరల నడుమ పుటుక్కున తెగుతుంది. తెర మీద రెండింటి రూపం ఒకటే. చేతిలో బలం ఒకటి కాదు. ఆ ఒక్క నిమిషంలో వారు నేర్చుకొనేది పది ఉపన్యాసాలలో రాదు.

“మా బడికి ప్రింటరే లేదు” అనే ఉపాధ్యాయులే ఎక్కువ. వారికి ఒక మీటరు చెక్కస్కేలు, రెండు ఇటుకలు చాలు. ఇటుకలను 40 సెంటీమీటర్ల ఎడంలో ఉంచి, స్కేలు నడుమ ఒక బరువు వేలాడదీసి, ఎంత వంగినదో కొలవండి. ఎడం 80 సెంటీమీటర్లు చేస్తే అదే బరువుకు ఎంత వంగుతుందో అడగండి. రెట్టింపని తరగతి అంతా ఏకకంఠంతో అంటుంది. కొలిస్తే ఎనిమిదింతలకు దగ్గరగా వస్తుంది. అప్పుడు పుట్టే ఆశ్చర్యమే ఈ శాస్త్రానికంతటికీ తొలి మెట్టు. లక్షల ఖరీదు చేసే ప్రోగ్రామైనా చివరకు చెప్పేది ఈ స్కేలు చెప్పిన సంగతినే, కోటి గడులలో. స్కేలుతో మాట్లాడినవాడు రేపు కంప్యూటరును ఎదురు ప్రశ్న వేయగలడు. మాట్లాడనివాడు దాని రంగులకు దండం పెడతాడు.

2022లో కేంద్రప్రభుత్వం ఈ తయారీ విద్యకు జాతీయ వ్యూహాన్ని ప్రకటించింది. దాని జాతీయ కేంద్రం హైదరాబాదులోనే నెలకొన్నది. ఉద్యోగాలు వస్తాయి, రావాలి. సినిమా కోసం నీటిని లెక్క కట్టడం నేర్చిన యువకుడు రేపు ఇంజనులో ఇంధనాన్ని లెక్క కట్టడానికి వెళ్లవచ్చు. దారి అంత దూరం కాదు. కాని ఆ దారిలో ఒక గడప ఉన్నది. గడపకు ఇవతల చూసేవారి కన్ను న్యాయాధిపతి. అవతల న్యాయాధిపతి బరువు. దానికి కళాభిరుచి లేదు, దయాదాక్షిణ్యాలు లేవు. ఆ గడప దాటేవాడికి చొక్కా జేబులో ఉండవలసినది మొదట ఒక పెన్సిలు, ఒక కాగితం: తాను ఏమి ఊహించాడో వ్రాసుకోవడానికి, అది తప్పైనప్పుడు ఎంత తప్పో కొలుచుకోవడానికి. ఆ అలవాటు చేయించడానికి తగిన చోటు తొమ్మిదో తరగతి గది. తగిన కాలం ఈ సంవత్సరమే.